అంకె చూసుకునే ముందు

రామచంద్రపురం

అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పరిశోధన గురించి రెండు వాక్యాలు, పరిశోధకులను కొలిచే హెచ్-ఇండెక్స్ అనే అంకె గురించి రెండు పేజీలు రాశావు. నీది 3, పక్క బల్ల దగ్గర కూర్చునే అతనిది 9 అని నిద్ర పట్టడం లేదన్నావు. ముప్పై ఏళ్లు నెట్‌వర్క్‌ల పాఠం చెప్పినవాణ్ని. ఈ జబ్బు నాకూ వచ్చి తగ్గింది.

ముందు ఆ 3 సంగతి చూద్దాం. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త పెట్టిన లెక్క అది. ఒక పేపరును వేరే పేపర్లు ఉదహరిస్తే అది సైటేషను. కనీసం మూడేసి సైటేషన్లున్న పేపర్లు మూడుంటే అంకె 3, నాలుగేసి ఉన్నవి నాలుగుంటే 4. నీ అయిదు పేపర్లకు 40, 12, 6, 3, 1 చొప్పున సైటేషన్లు ఉన్నాయి. నాలుగేసి ఉన్న పేపర్లు నాలుగు లేవు కనుక 3 దగ్గర ఆగింది. ఆ 40 రేపు 400 అయినా నీ అంకె కదలదు! అతను నీకంటే అయిదేళ్లు ముందు మొదలుపెట్టాడని నువ్వే రాశావు. నిన్న కాపుకొచ్చిన కొబ్బరి చెట్టును ముదురు చెట్టు పక్కన నిలబెట్టి కాయలు లెక్కపెట్టే రైతును కోనసీమలో నేను చూడలేదు.

నీ చేతిలో ఉన్న పని ఒకటుంది, దాన్ని వదిలేశావు. నీ పేరు మూడు పేపర్లలో మూడు రకాలుగా అచ్చయింది. మనం ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు పెడతాం, పాశ్చాత్యుల పద్ధతిలో చివరి మాటే ఇంటిపేరు. దాంతో ఒకే మనిషి కంప్యూటర్‌కు ముగ్గురుగా కనిపిస్తుంది. పరిశోధకులకు 2012లో మొదలైన ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు ఉచితంగా ఇస్తారు, తీసుకో. పేరు ఒక్క తీరుగా రాయడం అలవాటు చేసుకో. పేపర్లనూ సైటేషన్లనూ చూపే గూగుల్ స్కాలర్‌లో నీ ఖాతాలోకి వేరొకరి పేపర్లు వచ్చి చేరితే వెంటనే తీసెయ్యి. అంకె పెరిగింది కదా అని ఊరుకుంటే ఏదో ఒక ఇంటర్వ్యూలో పరువు పోతుంది.

ఆ తరవాత, 40 సైటేషన్లున్న పేపరును ఉదహరించిన వాటిలో ఓ పది తెరిచి చదువు. చాలావాటిలో నీ పేరు మరో ఏడుగురితో కలిపి ఒకే కుండలీకరణంలో ఉంటుంది. శుభలేఖ చివర ‘బంధుమిత్రుల అభినందనలతో’ అని వేస్తారే, అలాంటిది. ఒకటో రెండో మాత్రం నీ పద్ధతిని తమ నెట్‌వర్క్ మీద పెట్టి చూసి ఉంటాయి. అది పనిచేయలేదని రాసినా సరే, వాటినే దాచుకో. నీ తరవాతి పేపరు అక్కడే ఉంది.

నెట్‌వర్క్‌ల పరిశోధకుడు వాన్ జేకబ్‌సన్ సంగతి క్లాసులో విన్నావు కదా. 1986 అక్టోబరులో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకూ బర్కిలీ విశ్వవిద్యాలయానికీ మధ్య, నాలుగు వందల గజాల దూరంలో, సెకనుకు 32 వేల బిట్లు పోవలసిన చోట 40 బిట్లే పోయాయి. దాళ్వాలో నీళ్లు తగ్గినప్పుడు ఎవరికి వారే తూములు ఎత్తేస్తే శివారు చేను ఎండుతుందని మనకు తెలుసు. అందుకే వంతులు, నీళ్లు పంచే లస్కర్లు. ఇంటర్నెట్‌లో లస్కరు లేడు. ప్యాకెట్ అనే సమాచారపు ముక్క దారిలో పోయిందంటే దారి నిండిందని గ్రహించి పంపేవాడే తగ్గాలి, తరవాత మెల్లగా పెంచుకోవాలి అన్నది జేకబ్‌సన్ చెప్పిన ఉపాయం. ఆ మార్పులు బర్కిలీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో చేర్చారు, 1988లో సిగ్‌కామ్ అనే నెట్‌వర్క్‌ల సమావేశంలో పేపరు వచ్చింది. దానికి వేల సైటేషన్లు ఉన్నాయి. నన్నడిగితే, దానిపేరైనా వినకుండా రోజూ వాడుకునేవాళ్ల లెక్కే పెద్దది. అందుకే నీ కోడు, కొలతలు పేపరుతోపాటు బయట పెట్టు. ఇంకొకరు నడిపి చూడలేని పేపరును పొగడగలరు గానీ దాని మీద ఏమీ కట్టలేరు.

నువ్వూ ఉదహరించేటప్పుడు చెయ్యి బిగించకు. డెల్టాలో కాటన్ దొర విగ్రహం లేని ఊరు అరుదు. ధవళేశ్వరం ఆనకట్ట పనిలో ఆయనకు కుడిభుజంగా ఉన్న వీణెం వీరన్న పేరు ఎంతమందికి తెలుసు? నువ్వు వాడుకున్న సిమ్యులేటర్ రాసినవాళ్లను, డేటా ఇచ్చినవాళ్లను మరిచిపోకు. నీ పాత పేపర్లను నువ్వే అయిదేసి సార్లు ఉదహరించుకోవడం మాత్రం మానెయ్యి, చదివేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

డబ్బు కడితే పది రోజుల్లో అచ్చేస్తామనే జర్నళ్ల జోలికి వెళ్లవద్దు. పదోన్నతికి ఒక పేపరు తక్కువైందని నేనొకసారి కట్టాను. రెండేళ్లకు ఆ జర్నలే లేదు. నా వివరపట్టికలో ఆ వరుస ఇప్పటికీ ఉంది, చూసినప్పుడల్లా కళ్లు పక్కకు తిప్పుకుంటాను.

మన రంగంలో మంచి పని ముందు సమావేశాల్లో వస్తుంది, ఉద్యోగమిచ్చే కమిటీలేమో చాలాచోట్ల జర్నళ్లు లెక్కపెడతాయి. ఈ చిక్కుకు నా దగ్గర మందు లేదు. సమావేశంలో వచ్చినదానికి కొత్త ప్రయోగాలు జోడించి జర్నలుకు పంపడం ఒక దారి.

సంక్రాంతికి వస్తావుగా, మూడే సైటేషన్లున్న ఆ పేపరు వెంట తీసుకురా. అందులోని నాలుగో పట్టికలో ఆలస్యం కొలతలు నాకు అనుమానంగా ఉన్నాయి, కూర్చుని చూద్దాం.

పెదనాన్న