చుక్కలు చూడ్డానికి కొండెక్కాలా, సముద్రం ఒడ్డు చాలదా?

ప్రశ్న: పిల్లలకి పాలపుంత చూపించాలని ఉందండి. ఎవర్నడిగినా మారేడుమిల్లి వెళ్ళమంటున్నారు. కోనసీమలో అలాంటి చోటే లేదా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఉందండి. చీకటి మాటకొస్తే కొండలదే పైచేయి. అయితే బయల్దేరే ముందు మీకు ఏ దిక్కున చీకటి కావాలో తేల్చుకోండి. పాలపుంతలో ఒత్తుగా, బాగా వెలుగ్గా ఉండే భాగం ధనుస్సుకీ వృశ్చికానికీ మధ్య ఉంటుంది. మన అక్షాంశం పదహారున్నర డిగ్రీలు కాబట్టి ఆ భాగం దక్షిణాన 45 డిగ్రీల ఎత్తుకి మించి రాదు. కోనసీమకి దక్షిణాన సముద్రమే. ఒడ్డున నిలబడి సముద్రం వైపు తిరిగితే రాజోలు, అమలాపురం, నరసాపురం దీపాలన్నీ మీ వీపు వెనక్కి పోతాయి. అదే మారేడుమిల్లి ఊళ్ళో నిలబడితే దక్షిణాన కొండో, చెట్టో అడ్డం.

ఒడ్డంతా ఒకలా ఉండదు. అంతర్వేదిలో గుడి దగ్గరా, లైట్‌హౌస్ దగ్గరా నిలబడితే లాభం లేదు. ఒడ్డు వెంట తూర్పుగా ఒకటి రెండు కిలోమీటర్లు వెళ్ళాలి. ఊరికీ ఇసుకకీ మధ్య సరుగుడు తోట ఉన్న చోటు చూసుకోండి, ఊరి వెలుగుకి అదే గోడ. భీష్మ ఏకాదశికి స్వామివారి కల్యాణం, తీర్థం ఉంటాయి కనుక ఆ రోజుల్లో చుక్కల ఊసే వద్దు. ఓడలరేవు దగ్గర గ్యాస్ టెర్మినల్ దీపాలు రాత్రంతా వెలుగుతాయి, దానికి దూరంగా ఉండాలి. కోనసీమ దాటి పశ్చిమ గోదావరి వైపు వెళ్తే పేరుపాలెం బాగుంటుంది, కాకపోతే ఆదివారాలూ కార్తీక మాసమూ జనం ఎక్కువ.

ఒక జాగ్రత్త. చుక్కలకి మంచి రోజులు అమావాస్య చుట్టూ ఉంటాయి, సముద్రానికి పోటు ఎక్కువగా ఉండేదీ ఆ రోజుల్లోనే. పగటి వెలుతురు ఉండగానే వెళ్ళి, కిందటి పోటుకి కొట్టుకొచ్చిన చెత్త ఎక్కడ గీతలా ఆగిందో చూసి, దానికి బాగా పైన చాప వేసుకోండి. కారు ఇసుకలోకి దింపొద్దు.

ప్రశ్న: మా చేను ఊరికి రెండు కిలోమీటర్ల దూరం. చీకటిగానే ఉంటుంది. అయినా అగస్త్య నక్షత్రం ఎప్పుడూ కనపడలేదు. త్రిశంకు సంగతి చెప్పనే అక్కర్లేదు. కారణం ఏమిటి?
– ఒక రైతు, పాలకొల్లు

జవాబు: మీ కొబ్బరి తోటే కారణం కావచ్చు. అగస్త్యుడు మన దగ్గర నడినెత్తికి రాడు. ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి 9 గంటలకి సరిగ్గా దక్షిణాన 21 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, అంతకు మించి లేవడు. 18 మీటర్ల కొబ్బరి చెట్టు 50 మీటర్ల దూరంలో ఉంటే 20 డిగ్రీల వరకూ ఆకాశాన్ని మూసేస్తుంది. ఇక చుక్క కనపడేదెలా? తోటకి 100 మీటర్లు ఉత్తరంగా జరగండి, అడ్డు పది డిగ్రీలకి దిగుతుంది. కొలవడానికి పనిముట్టేదీ అక్కర్లేదు: చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దక్షిణ దిక్కున చెట్ల తలలు పిడికిలికి లోపల ఉంటే ఆ చోటు పనికొస్తుంది.

త్రిశంకు అంటే శిలువ ఆకారంలో ఉండే నాలుగు చుక్కల గుంపు (సదరన్ క్రాస్). దానికి ఇంకా తెరిపి కావాలి. నాలుగు చుక్కల్లో పైది 16 డిగ్రీల ఎత్తుకీ, కిందిది పదిన్నరకీ వస్తాయి. మార్చి నడుమ రాత్రి ఒంటిగంటకి, ఏప్రిల్ నడుమ 11కి, మే నడుమ 9కి దక్షిణాన నిలువుగా ఉంటుంది. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక మేలో చేలు ఖాళీ కాబట్టి చేల నడుమ పుంత మీద నిలబడితే చాలు. ఏటిగట్టు ఇంకా మేలు, పొలం కన్నా ఎత్తు. కానీ గట్టు మీద బండ్లు తిరుగుతాయి, ఒక్క హెడ్‌లైటు పడిందంటే చీకటికి అలవాటుపడ్డ కన్ను మళ్ళీ మొదటికొస్తుంది. కంటికి చీకటి పూర్తిగా పట్టడానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. త్రిశంకు కన్నా ముందే, ఇంచుమించు అదే ఎత్తులో, అదే ఆకారంలో ఇంకో శిలువ దక్షిణం దాటుతుంది. అది పెద్దది, చుక్కలు కాస్త మసక. అసలు త్రిశంకుకి ఎడమ పక్క, అంటే తూర్పున, రెండు మెరిసే చుక్కలు దారి చూపుతూ ఉంటాయి. అవి లేకపోతే మీరు చూస్తున్నది త్రిశంకు కాదు.

అంత కిందనున్న చుక్క వెలుగు మనదాకా రావడానికి చాలా గాలి దాటాలి. నడినెత్తి చుక్కతో పోలిస్తే 30 డిగ్రీల దగ్గర రెండింతలు, 10 డిగ్రీల దగ్గర ఐదున్నర ఇంతలు. యంత్రంతో కోసిన చేలల్లో గడ్డి తగలబెట్టే రోజుల్లో ఆ పొగ నేలకి అంటుకునే ఉంటుంది కనుక నెత్తిమీద ఆకాశం శుభ్రంగా ఉన్నా దక్షిణం అంచు మాసిపోతుంది. భోగి తెల్లవారుజాము మాట సరే సరి.

ప్రశ్న: ఉపగ్రహ చిత్రాలతో చేసిన కాంతి కాలుష్యం మ్యాపు చూసి ఒక చోటు ఎంచుకున్నాం. మ్యాపులో చీకటి, తీరా వెళ్తే ఆకాశం తెల్లగా ఉంది. మ్యాపు తప్పా?
– డిగ్రీ విద్యార్థులు, భీమవరం

జవాబు: మ్యాపు తనకి కనిపించిందే చెప్పింది. ఈ మ్యాపులకి మూలం ఎక్కువగా 2011లో ప్రయోగించిన సువోమి ఎన్‌పీపీ వంటి ఉపగ్రహాల్లోని వీర్స్ అనే పరికరం. దానికి రెండు లోపాలున్నాయి. ఉపగ్రహం మన మీదుగా వెళ్ళేది రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో, అప్పటికి కొట్లూ ఇళ్ళూ దీపాలు ఆర్పేసి ఉంటాయి. మీరు వెళ్ళింది 8 గంటలకైతే ఆ వెలుగు మ్యాపులో లేదు. రెండోది, ఆ పరికరానికి 500 నానోమీటర్లకి తక్కువ తరంగదైర్ఘ్యమున్న నీలి కాంతి కనపడదు. తెల్ల ఎల్‌ఈడీ దీపంలో ఆ నీలం బాగా ఉంటుంది, గాలిలో ఎక్కువగా చెదిరి ఆకాశాన్ని తెల్లబరిచేదీ అదే. పాత పసుపు సోడియం దీపం తీసి ఎల్‌ఈడీ పెడితే మ్యాపులో వెలుగు తగ్గినట్టు కనిపించి, నేల మీద ఆకాశం ఇంకా పాడవుతుంది.

మీ వైపు రొయ్యల చెరువులు మరీ ఎక్కువ. నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిరిగేదీ కాపలా దీపాలు వెలిగేదీ రాత్రంతా. గట్టు మీది ఫోకస్ లైటు ముఖం అడ్డంగా ఉంటే దాని వెలుగు సగం ఆకాశానికే పోతుంది. పక్క చెరువు రైతుతో మాట్లాడి దాన్ని నేలకేసి వంచి, పైన రేకు తొడిగించండి. కాపలావాడి కంట్లో కొట్టదు, గట్టూ ఇంకా బాగా కనపడుతుంది. ఆయనకీ లాభమే కాబట్టి కాదనరు.

మ్యాపుని మొదటి జల్లెడగానే వాడండి. ఆ పైన కన్నే కొలత. చలికాలంలో కృత్తికల్ని, అదే పిల్లలకోడిని, లెక్కపెట్టండి. నాలుగే కనిపిస్తే చోటు మార్చాలి. ఆరు కనిపిస్తే పర్వాలేదు. ఏడోది, ఎనిమిదోది తేలితే మంచి చీకటి. పుష్యమి దగ్గర కర్కాటకంలో ఉండే చుక్కల గుంపు బైనాక్యులర్ లేకుండా మసక మచ్చలా కనపడితే ఆ చోటు వదలొద్దు.

ప్రశ్న: బడి పిల్లల్ని తీసుకెళ్ళాలి. ఏ నెల, ఏ తిథి?
– ఒక మాస్టారు, రాజోలు

జవాబు: డిసెంబరు రెండో సగం నుంచి మార్చి దాకా మబ్బు తక్కువ. అందులోనూ ఫిబ్రవరి మేలు, జనవరి పొగమంచు అప్పటికి తగ్గుతుంది. సాయంత్రం 7 నుంచి 9 దాకా చూపించాలంటే బహుళ పంచమి నుంచి శుద్ధ తదియ లోపు పెట్టుకోండి. బహుళ పంచమి నాడు చంద్రుడు పదింటికి గానీ రాడు, శుద్ధ తదియ నాడు ఎనిమిదిన్నరకల్లా అస్తమిస్తాడు.

పాలపుంత కోసమైతే లెక్క తిరగబడుతుంది. ఫిబ్రవరి నడుమ ఆ ఒత్తు భాగం రాత్రి పావు తక్కువ మూడుకి ఆగ్నేయాన పొడిచి, నాలుగున్నరకి బాగా పైకొస్తుంది, అయిదు దాటాక తూర్పు తెల్లబడుతుంది. ఆ వేళకి చంద్రుడు ఉండకూడదంటే బహుళ చతుర్దశి నుంచి శుద్ధ దశమి దాకా మంచిది. కృష్ణపక్షం కదా చీకటేనని బహుళ దశమి నాడు వేకువన లేచినవాళ్ళకి పైకొస్తున్న చంద్రుడు ఎదురవుతాడు. శివరాత్రి జాగరణ చేసేవాళ్ళు నాలుగింటికి గుడి దీపాలకి దూరంగా వస్తే పాలపుంత సిద్ధంగా ఉంటుంది. ఏప్రిల్ నడుమ అదే భాగం పావు తక్కువ పదకొండుకి పొడుస్తుంది, పిల్లల నిద్ర చెడదు, కాకపోతే గాలిలో తేమ ఎక్కువ.

పిల్లల్ని గడ్డిలోనూ గట్టు వారనూ పడుకోబెట్టొద్దు. కట్లపాము తిరిగేది రాత్రే, కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. మడత మంచాలో, శుభ్రం చేసిన కళ్ళమో, బడి డాబానో చూడండి. కాటు అనుమానం వస్తే కట్లు కట్టకుండా, కోయకుండా, వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాలి. టార్చికి ఎర్ర జిలుగు కాగితం మూడు మడతలు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. నడిచేటప్పుడు మాత్రం అది తీసి తెల్ల వెలుగులోనే నడవండి.

ప్రశ్న: 10×50 బైనాక్యులర్ కొన్నాను. అరగంటకే అద్దం మసకబారుతోంది. సరుకు లోపమా?
– ఒక పాఠకుడు, ముమ్మిడివరం

జవాబు: లోపం కాదు, మంచు. చీకట్లో అద్దం చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది, మన తేమ గాలి దాని మీద నీరవుతుంది. నల్ల చార్టు కాగితాన్ని గొట్టంలా చుట్టి ముందు అద్దాలకి 7, 8 సెంటీమీటర్లు బయటికి వచ్చేలా తొడగండి. చూడని వేళ మెళ్ళో వేలాడదీసి చొక్కా లోపల పెట్టుకోండి. మసకబారితే గుడ్డతో తుడవొద్దు, సముద్రం దగ్గరైతే అసలొద్దు: ఉప్పు, సన్నటి ఇసుక గీతలు పెట్టేస్తాయి. రబ్బరు బంతితో గాలి ఊది ఆరనివ్వండి. ఇంటికొచ్చాక లెన్సు ద్రవంతో తడిపిన మెత్తటి గుడ్డతో తేలిగ్గా అద్దండి.

ప్రశ్న: ఎలాగూ మారేడుమిల్లి వెళ్తున్నాం. అక్కడ చోటు ఎలా ఎంచుకోవాలి?
– ఒక కుటుంబం, కొవ్వూరు

జవాబు: గది తీసుకునే ముందే అడగండి: డాబా ఎక్కనిస్తారా, బయటి దీపాలు గంటసేపు ఆర్పుతారా? ఈ రెండింటికీ అవునంటే సగం పని అయినట్టే. వాగు ఒడ్డు బస పగటికి అందంగా ఉంటుంది గానీ చుక్కలకి పనికిరాదు. గాలి లేని చలి రాత్రుల్లో బరువైన చల్లగాలి లోయలోకి జారి అర్ధరాత్రి దాటాక పొగమంచు కమ్ముతుంది. కాబట్టి అక్కడ చూడాల్సింది సాయంత్రమే, ఏడింటి నుంచి పదకొండు లోపు. వేకువ పాలపుంత కోసం మిట్ట మీద ఉండాలి. తమిళనాడులో కావలూరు వేధశాలని జవ్వాది కొండల మీద 725 మీటర్ల ఎత్తున కట్టారు, ఊళ్ళ వెలుగుకి దూరంగా. మీకూ అదే సూత్రం.

గుడిస లాంటి ఎత్తైన చోట్లకి రాత్రి వెళ్ళాలంటే అటవీశాఖ వారిని ముందుగా అడగండి, వద్దంటే మానుకోండి. రోడ్డు పక్కన బండి ఆపి అడవిలోకి నడవొద్దు, ఎలుగుబంట్లు ఉన్న అడవి అది. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా వెళ్ళి పొద్దు ఉండగానే బసకి చేరుకోండి. ఫోను సిగ్నల్ సరిగా అందదు కాబట్టి నక్షత్రపటం ముందే దింపుకోండి. ఫోటో తీయాలనుకుంటే మూడుకాళ్ళ స్టాండు తప్పదు. ఫోనుతో 10 నుంచి 15 సెకన్లు తెరిచి ఉంచితే చాలు, 20 దాటితే చుక్కలు గీతలవుతాయి. ఫోకస్ చేత్తో పెట్టాలి. ఆటోఫోకస్‌లో వదిలేస్తే కెమెరా చీకట్లో దేన్నీ పట్టుకోలేక మొత్తం మసకగా తీస్తుంది.