పంపులు తర్వాత, ముందు తొమ్మిది నెలల ఇంటి ఖర్చు

ప్రశ్న: మాది నెల్లూరు, వేదాయపాలెం. నా వయసు 36. లాండ్రీ కెమికల్స్ అమ్మే కంపెనీలో నాలుగేళ్ల రెండు నెలలుగా టెక్నీషియన్‌గా చేస్తున్నాను. హోటళ్లు, ఆసుపత్రుల లాండ్రీల్లో పెద్ద వాషింగ్ మిషన్లకు డోసింగ్ పంపులు (కెమికల్‌ను కొలత ప్రకారం మిషన్లో పోసేవి) బిగించి ప్రోగ్రాం చేసి ఇస్తాను. జీతం చేతికి 38,000, బేసిక్ 19,000. భార్య కుట్టుపని డబ్బు పోను ఇంటికి నెలకు 31,000 అవుతుంది. ఇద్దరు పిల్లలు. అమ్మకు షుగర్, కంపెనీ హెల్త్ పాలసీలో ఉంది. ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టాలని ఉంది. పంపుల యూనిట్ ఒకటి ఫిట్టింగ్‌తో కలిపి 45,000 చొప్పున ఎనిమిది యూనిట్లు, 1,50,000 కెమికల్ సరుకు, 40,000 స్పేర్లు, టెస్ట్ కిట్లు, మొత్తం 5,50,000 కావాలి. పంపులు ఉచితంగా బిగిస్తే లాండ్రీ వాళ్లు కెమికల్ నా దగ్గరే కొంటారు. ఒక్కో లాండ్రీకి నెలకు 18,000 సరుకు, అందులో 35 శాతం మార్జిన్. పర్సనల్ లోన్ 3,00,000 (16 శాతం, మూడేళ్లు), భార్య నగల మీద 1,50,000 (12 శాతం), తెలిసినాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 1,00,000 తీసుకుందామనుకుంటున్నాను. ఆయన ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం అడుగుతున్నారు. ఎఫ్‌డీ 1,40,000 ఉంది, అందులో 60,000 గోదాము అడ్వాన్సుకు పోతుంది. లక్ష రూపాయల చీటీ ఇంకా ఎనిమిది నెలలు ఉంది. అత్యవసరానికి క్రెడిట్ కార్డు, మిగతా నగలు ఉన్నాయి. ఈ ప్లాన్ సరైనదేనా?

జవాబు: మీ పని మీకు బాగా వచ్చని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. కానీ ఈ ప్లాన్‌తో ఇప్పుడు ఉద్యోగం మానకండి. చేతి పని తెలిసి, జీతం వదిలి సొంతంగా నిలబడాలనుకునే వాళ్లలో నేను ఎక్కువగా చూసే తప్పు మీ ఉత్తరంలో చివరి వాక్యానికి ముందే ఉంది. క్రెడిట్ కార్డు, నగలు ఉన్నాయి కాబట్టి అత్యవసర నిధి ఉన్నట్టే అనుకున్నారు. క్రెడిట్ కార్డు లిమిట్ మీ డబ్బు కాదు, అది కూడా అప్పే. నగల్లో కొన్నింటిని వ్యాపారానికే తాకట్టు పెడుతున్నారు, కష్టం వస్తే మిగతావీ అదే దారిన పోతాయి. ఎఫ్‌డీలో దాదాపు సగం గోదాముకు పోతోంది. మిగిలే 80,000తో మీ ఇల్లు రెండున్నర నెలలు నడుస్తుంది. జీతం ఆగిన మొదటి రోజు మీ కుటుంబానికి ఉండే రక్షణ అంతే.

మీరు ఇచ్చిన అంకెలే వేసి చూద్దాం. ఎనిమిది లాండ్రీల మీద నెలకు 1,44,000 అమ్మకం, 35 శాతం చొప్పున మార్జిన్ 50,400. దీన్ని జీతంతో పోల్చుకుని సంతోషపడి ఉంటారు. ఇందులో పెట్రోలు, పంపు ట్యూబులు, చిన్నచిన్న స్పేర్లకు తక్కువలో తక్కువ 6,000 తీసేద్దాం. మిగిలేది 44,400. ఇప్పుడు ఖర్చు వైపు రండి. పర్సనల్ లోన్ ఈఎంఐ దాదాపు 10,550. నగల లోన్ వడ్డీ 1,500, చేబదులు వడ్డీ 2,000. ఈ రెండింటిలో అసలు అలాగే ఉంటుంది, ఒక్క రూపాయి తగ్గదు. ఇంటి ఖర్చు 31,000 కలిపితే 45,000 దాటింది. ఇది కాక చీటీ ఉంది, ఇంకా ఎనిమిది నెలలు అటూ ఇటూగా 5,000 కట్టాలి. చీటీ ముందే పాడుకున్నా ఆ వాయిదాలు ఆగవు. అంటే 50,000 పైన కావాలి, వచ్చేది 44,400. ఎనిమిది లాండ్రీలూ మొదటి నెల నుంచే పూర్తిగా వాడుతూ, ఒక్కరు కూడా బిల్లు ఆపకుండా ఉంటేనే ఈ లెక్క. అప్పటికీ నెలకు ఐదు వేలకు పైగా లోటు.

అసలు ఇబ్బంది బిల్లుల దగ్గర మొదలవుతుంది. మీ లెక్కలో ఎక్కడా అరువు మీద ఇచ్చే సరుకు లేదు. పొగతోట ఆసుపత్రులకు దుప్పట్లు, ఓటీ గౌన్లు ఉతికే లాండ్రీకి ఆసుపత్రి నుంచి డబ్బు వచ్చేది ఆలస్యంగా, వాళ్లు మీకు ఇచ్చేది ఆ తర్వాత. 60 రోజుల గడువు అడిగితే కాదనగలరా? అలా ఒప్పుకుంటే మొదటి రూపాయి వచ్చేలోపు రెండు నెలల సరుకు మీ డబ్బుతో వేసి ఉండాలి. కొనుగోలు ధర ప్రకారం నెలకు 93,600, రెండు నెలలకు 1,87,200. మీరు సరుకుకు పెట్టుకున్నది 1,50,000. రెండో నెల సగం దాటాక మీ దగ్గర సరుకూ ఉండదు, డబ్బూ ఉండదు. ఆల్కలీ క్యాన్ అయిపోయిందని లాండ్రీ నుంచి ఫోన్ వస్తే రోజు వడ్డీకైనా తెస్తారు, ఎందుకంటే సరుకు ఆగితే కస్టమరు పోతాడు, గోడకు బిగించిన మీ 45,000 యూనిట్ అక్కడే ఉండిపోతుంది. సరైన వ్యాపారాలు కూడా ఇలాగే మునుగుతాయి. లాభం లేక కాదు, ఆ వారం చేతిలో డబ్బు లేక.

మీ పనిలో అనుకోని ఖర్చు అరుదుగా వచ్చేది కూడా కాదు. పంపులో రోలర్లు నొక్కీ నొక్కీ ట్యూబు సాగిపోతుంది. ప్రోగ్రాంలో 100 మి.లీ. అని ఉన్నా 70 కూడా పడదు. దుప్పట్లు బూడిద రంగు తిరుగుతాయి, కెమికల్ బాగాలేదంటారు. మీరు కొలజాడీ పట్టుకుని వెళ్లి, ఒక్కో పంపును మళ్లీ కాలిబ్రేట్ చేసి (సరైన కొలత పడేలా సరిచేసి), కిలో బట్టకు ఎంత పడుతోందో చూసి ఇవ్వాలి. ఇప్పుడు ఆ తిరుగుడు, ఆ ట్యూబు కంపెనీ ఖాతాలో ఉన్నాయి. రేపు మీ ఖాతాలోకి వస్తాయి. మిషన్ నుంచి వచ్చే సిగ్నల్ వోల్టేజీ సరిచూడకుండా కలిపినా, కరెంటు హెచ్చుతగ్గులు వచ్చినా పంపు యూనిట్లోని సర్క్యూట్ కార్డు కాలుతుంది. బోరు నీళ్ల కఠినత్వం ఊరికో తీరు. ఒకచోట సరిపోయిన డిటర్జెంట్ డోసు ఇంకోచోట చాలదు, ఎక్కువ పోస్తే మీ మార్జిన్ తగ్గుతుంది. ఒక్క బ్లీచ్ డోసు తప్పుగా ఎంటర్ అయితే హోటలు రంగు టవళ్లు మొత్తం పాడవుతాయి, ఆ డబ్బు మీ బిల్లులోంచి కోస్తారు. వీటిలో ఏదీ వారం ముందు చెప్పి రాదు. ఏది వచ్చినా తట్టుకునేది బ్యాంకులో విడిగా, ముట్టుకోకుండా ఉంచిన డబ్బు ఒక్కటే.

ఇంకా మనది నెల్లూరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏ వాయుగుండం ఎటు తిరుగుతుందో తెలియదు. 2021 నవంబరులో పెన్నా వరదకు కోవూరు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి. అలాంటి వారంలో లాడ్జీలు ఖాళీగా ఉంటాయి, లాండ్రీలో మిషన్లు తిరగవు, మీ కెమికల్ ఖర్చు కాదు, బయట నుంచి రావలసిన సరుకు రోడ్డు మీదే ఉంటుంది. ఈఎంఐ మాత్రం తారీఖు తప్పకుండా కట్ అవుతుంది.

కాబట్టి మీకు నేను పెట్టే షరతు ఒకటే. 31,000 చొప్పున తొమ్మిది నెలల ఇంటి ఖర్చు, అంటే 2,79,000, పక్కన పెట్టకుండా రాజీనామా ఇవ్వకూడదు. జీతం మీద ఉన్నవాళ్లకు ఆరు నెలలు చాలంటాను. కస్టమర్ల దగ్గర బాకీలు ఉండే వ్యాపారానికి ఆరు చాలదు. ఈ డబ్బు సరుకు కోసం కాదు, అడ్వాన్సు కోసం కాదు, మంచి ధరకు పంపులు దొరికాయని తీసేది కూడా కాదు. 40,000 సేవింగ్స్‌లో ఉంచండి. మిగతాది 50,000 చొప్పున విడివిడి ఎఫ్‌డీలుగా వేయండి, అవసరమైతే ఒకటి రద్దు చేసుకుంటారు, మిగతావాటికి దెబ్బ తగలదు. మీ ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింటుగా పెట్టండి. మీరు ఏ లాండ్రీలో కాస్టిక్ కన్నుల్లో పడి ఆసుపత్రిలో ఉంటే డబ్బు తీయాల్సింది మీ భార్యే.

ఇంత డబ్బు ఎక్కడ నుంచి వస్తుందంటారా? పది నెలలు ఆగితే వస్తుంది, అదీ అప్పు లేకుండా. ఎఫ్‌డీ 1,40,000 అలాగే ఉంచండి. చీటీ పాడకుండా చివరిదాకా ఉంటే కమిషన్ పోను దాదాపు 95,000 వస్తుంది. జీతంలో ఇల్లు, చీటీ పోను మిగిలే 2,000 పది నెలలకు 20,000. చీటీ అయిపోయాక రెండు నెలలు ఆ 5,000 కూడా మిగులుతుంది, అది 10,000. మొత్తం 2,65,000. మీరు చూసుకోని ఇంకో మొత్తం కూడా ఉంది. పర్మినెంట్ ఉద్యోగి ఐదేళ్లు నిండితేనే గ్రాట్యుటీ వస్తుంది, మీకు ఇంకా పది నెలలే ఉంది. 19,000 బేసిక్ మీద ఐదేళ్లకు దాదాపు 54,800. ఇప్పుడు మానేస్తే ఆ డబ్బు వదిలేసినట్టే. అన్నీ కలిపితే 3,19,000 దాటుతుంది, నిధి పోను 40,000 చేతిలో ఉంటుంది. గోదాము అవసరం ఇప్పుడు లేదు. నాలుగు లాండ్రీల సరుకుకు ఇంట్లో గాలి ఆడే ఒక గది చాలు. పిల్లలున్న ఇల్లు కాబట్టి తాళం వేసి, హైపో (బ్లీచ్) క్యాన్లు, సోర్ (ఆమ్లం) క్యాన్లు దూరదూరంగా ఉంచండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుందని మీకు నేను చెప్పనక్కర్లేదు, ఇంట్లో వాళ్లకు మీరు చెప్పాలి.

ఎనిమిది యూనిట్లు కాదు, నాలుగుతో మొదలుపెట్టండి. యూనిట్లకు 1,80,000, రెండు నెలల సరుకుకు 93,600. ఒక్కో లాండ్రీ దగ్గర 20,000 డిపాజిట్ అడగండి. డిపాజిట్ ఇవ్వనని చెప్పే వాళ్లకు పంపు ఉచితంగా బిగించే స్తోమత మీకు లేదు, అది పెద్ద కంపెనీలు చేసే పని. యూనిట్ మీదేనని, కెమికల్ ఆపేస్తే విప్పుకుని పోయే హక్కు మీకుందని, 30 రోజుల్లో బిల్లు కట్టాలని స్టాంపు పేపరు మీద రాయించుకోండి. మిగతా లక్షన్నరకు ముద్ర లోన్ అడగండి, తాకట్టు అక్కర్లేదు.

నాలుగు యూనిట్ల మార్జిన్ 25,200తో ఇల్లు గడవదు, అది నాకు తెలుసు. సొంత పంపులున్న లాండ్రీలకు ప్రోగ్రామింగ్, నెలవారీ కాలిబ్రేషన్ ఫీజు మీద చేయండి, దానికి పెట్టుబడి మీ చెయ్యే. ఇప్పటి కంపెనీనే ఈ జిల్లాకు సర్వీస్ కాంట్రాక్టుగా ఇస్తుందేమో కూడా అడగండి. అలా ఫీజు ఇస్తామని రాతపూర్వకంగా ఒప్పుకున్న వాళ్లు, డిపాజిట్ ఇచ్చిన వాళ్లు కలిసి ఇంటి ఖర్చుకు, లోన్ వాయిదాకు సరిపడే దాకా ఉద్యోగంలోనే ఉండండి. అయితే ఉద్యోగంలో ఉంటూ రహస్యంగా కస్టమర్లను లాగకండి, అపాయింట్‌మెంట్ లెటర్ ఒకసారి చదవండి. చిన్న వ్యాపారాల ప్రభుత్వ పోర్టల్ ఉద్యమ్‌లో రిజిస్టరైతే సర్వీసు బిల్లులకు 45 రోజుల గడువు చట్టం వర్తిస్తుంది. కొని అమ్మే కెమికల్ బిల్లులకు ఆ రక్షణ ఉండదు, అందుకే ఆ రెండు బిల్లులూ వేరుగా రాయండి. పీఎఫ్ ముట్టుకోవద్దు.

ఇన్సూరెన్స్ గురించి కూడా చెప్పాలి. ఉద్యోగం మానిన రోజు కంపెనీ హెల్త్ పాలసీ పోతుంది, పీఎఫ్‌తో వచ్చే ఏడు లక్షల దాకా ఉండే బీమా కూడా పోతుంది. మానకముందే అమ్మ పేరు గ్రూపు పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మార్చించండి. కొత్తగా తీసుకుంటే షుగర్‌కు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. మీకు ఒక టర్మ్ పాలసీ, ఒక ప్రమాద బీమా.

ఇక ఆ ఖాళీ ప్రామిసరీ నోటు. మీరు దాన్ని ఉత్తరంలో మామూలు విషయంలా రాశారు, నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో అదే ఎక్కువ టెన్షన్ పెట్టింది. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మీరు తీసుకునేది లక్ష, ఆ కాగితం మీద ఎంతైనా రాసుకోవచ్చు, ఏ తేదీ అయినా వేసుకోవచ్చు. రేపు గొడవ వచ్చి కోర్టుకు వెళ్తే ముందు చూసేది మీ సంతకాన్నే. అది మీరు రాయలేదని నిరూపించుకోవడానికి వ్యాపారం మానుకుని కోర్టు చుట్టూ తిరగాలి. ఆయన ఎంత తెలిసినవారైనా, ఎంత మంచివారైనా ఈ అప్పు తీసుకోవద్దు. ఇప్పటికే సంతకం పెట్టి ఇచ్చి ఉంటే, డబ్బు ఇంకా తీసుకోలేదు కాబట్టి, ఈ వారమే వెళ్లి ఆ కాగితం వెనక్కి తెచ్చుకుని ఆయన ముందే చింపేయండి.