స్నేహితుడి లెక్కలో 75 పాయింట్లు: ఆస్ట్రేలియా వీసా కోసం ఇప్పుడే లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 32. ఇంకో ఏడు నెలల్లో 33 నిండుతాయి. కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేశాను. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా 8 ఏళ్ల 3 నెలల అనుభవం ఉంది. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. ఆస్ట్రేలియా స్కిల్డ్ వీసాకి అప్లై చేద్దామనుకుంటున్నాం. 2016లో అక్కడికి వెళ్లిన స్నేహితుడు నా వివరాలు చూసి, 'నాకు 60తోనే వచ్చింది, నీకు 75 వస్తాయి, ఢోకా లేదు' అన్నాడు. ఒక కన్సల్టెన్సీ రెండున్నర లక్షలు అడుగుతోంది, అందులో లక్షన్నర ముందే కట్టాలట. బ్యాంకులో 15 లక్షలు చూపించాలని ఆఫీసులో ఒకాయన అంటున్నారు. మా బావగారేమో ఉన్న ప్లాటు అమ్మేసి డబ్బు చేతిలో పెట్టుకోమంటున్నారు. నా దగ్గర ఎఫ్‌డీలు 9 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 5 లక్షలు, పీపీఎఫ్‌లో 3 లక్షలు ఉన్నాయి. ఎఫ్‌డీలు కదపకుండా పర్సనల్ లోన్ తీసుకుని కన్సల్టెన్సీకి కట్టొచ్చా?

జవాబు: లోన్ వద్దు. ప్లాటు అమ్మొద్దు. కన్సల్టెన్సీకి ఈ నెలలో రూపాయి కూడా కట్టొద్దు. వెళ్లొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. మీ వయసు, మీ చదువు చూస్తే ప్రయత్నించాల్సిందే. కానీ మీకు సలహా ఇచ్చిన ముగ్గురూ మీ మేలు కోరేవాళ్లే అయినా, వాళ్లలో ఎవరూ మీ కాగితాలు ముందు పెట్టుకుని ఈ ఏడాది నియమాలతో లెక్క చూడలేదు. ఆ లెక్క ఇప్పుడు మనం చూద్దాం.

మీ స్నేహితుడు వెళ్లిన 2016లో పాస్ మార్కు 60. 2018 జులై 1 నుంచి అది 65 అయింది. 2019 నవంబరులో పాయింట్ల పట్టిక కూడా మారింది. జీవిత భాగస్వామికి, పెళ్లికానివాళ్లకి ఇచ్చే పాయింట్లు అప్పుడే మారాయి, ప్రాంతీయ వీసా 491 కూడా అప్పుడే వచ్చింది. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన దాటిన గేటు ఇప్పుడు అక్కడ లేదు, అంతే. పైగా 65 అంటే క్యూలో నిలబడటానికి అర్హత మాత్రమే. ఇన్విటేషన్, అంటే వీసాకి దరఖాస్తు పెట్టమనే పిలుపు, ఎక్కువ పాయింట్లు ఉన్నవాళ్లకి ముందు వెళ్తుంది, ఐటీ వృత్తుల్లో పోటీ ఎక్కువ కాబట్టి చాలాసార్లు 65కి చాలా పైనే ఆగిపోతుంది.

ఆయన 75 ఎలా వేశారో ఊహించగలను. వయసుకి 30, డిగ్రీకి 15, ఎనిమిదేళ్ల అనుభవానికి 15, ఇంగ్లిష్‌లో ఐఈఎల్‌టీఎస్ అన్ని విభాగాల్లో 7 వస్తే 10, మీ భార్యకి 6 చొప్పున వస్తే 5. కూడితే 75. తప్పు అనుభవం దగ్గర ఉంది. ఐటీ వృత్తులవాళ్ల అర్హతల్ని ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ, అందరూ ఏసీఎస్ అంటారు, అది పరిశీలిస్తుంది. మీ డిగ్రీ మీ ఉద్యోగానికి దగ్గరి సంబంధం ఉన్నదే అయినా మొదటి రెండేళ్లని సాధారణంగా వాళ్లు నైపుణ్యం సంపాదించుకున్న కాలంగా తీసేస్తారు. ఆ తేదీ తర్వాత చేసిన పనికే పాయింట్లు. అంటే మీ 8 ఏళ్ల 3 నెలలు 6 ఏళ్ల 3 నెలలవుతాయి. 5 నుంచి 8 ఏళ్ల లోపు అనుభవానికి 10 పాయింట్లే. మొత్తం 70కి దిగింది. మీకు 33 నిండిన రోజు వయసు పాయింట్లు 30 నుంచి 25 అవుతాయి, వయసుని ఇన్విటేషన్ వచ్చిన రోజున లెక్కిస్తారు. ఏడు నెలలు గడిచాక మీవి 65.

ఇది కాగితం మీద పోయే 5 పాయింట్ల సంగతి మాత్రమే కాదు. ఇన్విటేషన్ కోసం ముందుగా మన వివరాలు నమోదు చేసే ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ ఇంటరెస్ట్‌లో 75 అని రాసి, ఆ 75 మీద ఇన్విటేషన్ తెచ్చుకుని, వీసా ఫీజు కట్టేశాక 70 మాత్రమే రుజువైతే దరఖాస్తు తిరస్కరిస్తారు. కట్టిన ఫీజు వెనక్కి రాదు. ఆ ఫీజు ఎంతో తెలుసా? 2025 జులై నుంచి ప్రధాన దరఖాస్తుదారుకి 4,910 ఆస్ట్రేలియన్ డాలర్లు. భార్యకి దాదాపు సగం, పాపకి దాదాపు పావు వంతు. మీ ముగ్గురికీ కలిపి సుమారు 8,600 డాలర్లు. డాలరు 58 రూపాయలనుకుంటే దగ్గర దగ్గర 5 లక్షలు. ఏటా జులై 1న ఇది పెరుగుతూ వస్తోంది కాబట్టి మీరు కట్టేనాటికి ఇంకొంచెం ఎక్కువే అనుకోండి. ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడి వేసిన లెక్క మీద 5 లక్షలు పెట్టకండి.

15 లక్షలు చూపించాలన్న మాట సంగతి. ఏ రాష్ట్రం నామినేషనూ అక్కర్లేని 189 వీసాకి బ్యాంకు బ్యాలెన్స్ ఇంత ఉండాలన్న నియమం లేదు. అక్కడి రాష్ట్ర ప్రభుత్వం మిమ్మల్ని ఎంచుకుని నామినేట్ చేసే 190, 491 వీసాల్లో కొన్ని రాష్ట్రాలు సెటిల్ అవడానికి మీ దగ్గర ఎంత డబ్బుందో చెప్పమంటాయి, అది ఆయా రాష్ట్రాల నామినేషన్ పేజీలోనే రాసి ఉంటుంది. ఎవరైనా 'బ్యాలెన్స్ మేమే అరేంజ్ చేస్తాం' అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అనుభవాన్ని కాస్త పెంచి రాయించుకుందామన్నా అంతే. తప్పుడు పత్రం, తప్పుడు సమాచారం దొరికితే 4020 అనే నిబంధన కింద తిరస్కరించడమే కాదు, మామూలుగా మూడేళ్లపాటు మళ్లీ వీసా ఇవ్వరు. మీ భార్యకీ అది చుట్టుకుంటుంది. ఒక దంపతులు నా దగ్గరికి వచ్చినప్పుడు వాళ్ల చేతిలో ఇలాంటి తిరస్కరణ లేఖ ఉంది. రిఫరెన్స్ లెటర్‌లో మార్పులు చేసింది మధ్యవర్తి. కానీ సంతకం వాళ్లది, నష్టమూ వాళ్లదే. ఆ రోజు వాళ్లకి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. అందుకే ఈ ఒక్క విషయంలో ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక కన్సల్టెన్సీ. మొదట ఒక మాట: ఈ వీసాకి ఏజెంటు తప్పనిసరి కాదు. ఇమ్మిఅకౌంట్ అనే ఆస్ట్రేలియా ప్రభుత్వ ఆన్‌లైన్ ఖాతాలో మీ అంతట మీరే అప్లై చేయొచ్చు, ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ ఇంటరెస్ట్ పెట్టడానికి ఫీజే లేదు. ఆస్ట్రేలియాలో ఫీజు తీసుకుని వలస సలహా ఇవ్వాలంటే ఓమారా అనే సంస్థలో రిజిస్టరైన ఏజెంటు అయినా కావాలి, అక్కడి లాయరైనా కావాలి. అవేవీ కాకుండా డబ్బు అడిగితే చట్టప్రకారం పదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. కానీ ఆస్ట్రేలియా బయట పనిచేసేవాళ్లకి ఈ రిజిస్ట్రేషన్ నియమం వర్తించదు. మీ ఊళ్లో ఆఫీసు పెట్టుకున్న కన్సల్టెన్సీ రిజిస్టర్ కాకపోయినా అది నేరం కాదు, కాకపోతే వాళ్లు తప్పు చేస్తే ఓమారాకి ఫిర్యాదు చేసే దారి మీకు ఉండదు. కాబట్టి మీ ఫైలు చూడబోయేది ఎవరు, వాళ్ల ఏడు అంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఎంత అని అడగండి. ఆ నంబరుని ఓమారా వెబ్‌సైట్‌లో మీరే వెతకండి. నంబరు చెప్పకుండా గ్యారంటీ మాత్రం ఇచ్చేవాళ్లని నమ్మొద్దు, వీసా ఇచ్చేది ఆస్ట్రేలియా హోం అఫైర్స్ శాఖ తప్ప ఏ ఏజెంటూ కాదు.

మీలాంటివాళ్లకి నేను చెప్పే మధ్యేమార్గం ఒకటుంది. రిజిస్టరైన ఏజెంటు దగ్గర ఒక్క గంట కన్సల్టేషన్‌కి మాత్రం డబ్బు కట్టండి. డిగ్రీ, ఆఫర్ లెటర్లు, రిలీవింగ్ లెటర్లు ముందే పంపండి. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌కి ఉన్న వృత్తి కోడ్ 261313 మీకు సరైనదేనా, ఏసీఎస్ ఎన్నేళ్లు తీసేసే అవకాశముంది, మీ పాయింట్లతో 189 ఆశ పెట్టుకోవచ్చా లేక రాష్ట్ర నామినేషన్ వైపు వెళ్లాలా అని అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ గంటకి అయ్యే ఖర్చు మీ కన్సల్టెన్సీ అడిగిన లక్షన్నరలో చాలా చిన్న భాగం. ఫైలు మొత్తం వాళ్లకి అప్పగించాలో వద్దో ఆ తర్వాత తేల్చుకోవచ్చు.

స్నేహితుణ్ని అసలు అడగొద్దని కాదు. ఆయన దగ్గర మీకు ఎక్కడా దొరకని సమాచారం ఉంది, ప్రశ్నలే మార్చండి. మొదటి ఉద్యోగం దొరకడానికి ఎన్ని నెలలు పట్టింది? ఆ నెలల్లో ఇల్లు ఎలా నడిచింది? అద్దెకి డిపాజిట్ ఎంత కట్టారు, సాధారణంగా అది నాలుగు వారాల అద్దె ఉంటుంది. పాపని డేకేర్‌లో వేస్తే నెలకి ఎంత, ఇద్దరూ పనిచేస్తే మిగులుతుందా? వాళ్లావిడకి ఉద్యోగం ఎప్పుడొచ్చింది? ఇవి ఏ ప్రభుత్వ పేజీలోనూ ఉండవు. పాయింట్లు, గడువులు, ఫీజుల గురించి ఎవరేం చెప్పినా మాత్రం 'ఏ సంవత్సరం మాట ఇది, ఏ పేజీలో ఉంది' అని అడిగి, ఆ పేజీ తెరిచి చూసుకోండి. నిజంగా సాయం చేయాలనుకునేవాళ్లు దీనికి నొచ్చుకోరు.

ఇప్పుడు మీ డబ్బు. దీన్ని గేటు వెనక గేటుగా ఖర్చు పెట్టాలి. మొదటి గేటు ఇంగ్లిష్ పరీక్ష, ఏసీఎస్ పరిశీలన. ఈ రెండింటికీ మీ జీతంలోంచే కట్టగలరు, ఎఫ్‌డీ కదపాల్సిన పని లేదు. ఇంగ్లిష్ మీద శ్రద్ధ పెట్టండి, మీకు అన్నిటికన్నా ఎక్కువ లాభం ఇక్కడే. 7 బదులు అన్నిటిలో 8 వస్తే 10 పాయింట్లు పెరుగుతాయి. పోయిన అనుభవం పాయింట్లు, రాబోయే పుట్టినరోజున పోయే పాయింట్లు రెండూ దాంతోనే తీరిపోతాయి. కోచింగ్‌కి పెట్టే డబ్బుని నేను ఖర్చులో రాయను. తెలుగు వచ్చినవాళ్లకి మరో 5 పాయింట్ల దారి ఉంది: నాటీ అనే సంస్థ నిర్వహించే అనువాద పరీక్షలో తెలుగు కూడా ఒక భాష. మీ భార్య కూడా ఇంగ్లిష్ పరీక్ష రాయాలి. 5 పాయింట్లు ఒక కారణం. రెండోది, కనీస ఇంగ్లిష్ వచ్చని రుజువు లేని పెద్దవాళ్లకి మామూలు ఫీజు మీద విడిగా 4,800 డాలర్లకి పైగా అదనపు ఫీజు పడుతుంది. చాలామంది ఈ సంగతి చివర్లో తెలుసుకుని కంగారు పడతారు.

రెండో గేటు ఇన్విటేషన్. అది వచ్చాక దరఖాస్తు పెట్టడానికి 60 రోజులే ఉంటాయి, పొడిగింపు లేదు. అందుకని మీ 9 లక్షల ఎఫ్‌డీల్లో 6 లక్షలని ఎప్పుడైనా తీసుకోగలిగేలా చిన్న చిన్న ఎఫ్‌డీలుగా విడగొట్టండి. ఫీజంతా ఒకేసారి కట్టాలి కాబట్టి మీ క్రెడిట్ కార్డు లిమిట్, విదేశీ లావాదేవీల అనుమతి ముందే చూసుకోండి. లిమిట్ చాలక చివరి వారంలో బ్యాంకు చుట్టూ తిరిగినవాళ్లు నాకు తెలుసు. ఇన్విటేషన్ రాకపోతే ఈ 6 లక్షలు మీ దగ్గరే, వడ్డీతో సహా ఉంటాయి. పర్సనల్ లోన్ తీసుకుని ఉంటే ఈఎంఐ మాత్రం ఆగదు.

మూడో గేటు వీసా గ్రాంట్. అంతవరకు ఇద్దరిలో ఎవరూ ఉద్యోగం మానొద్దు. వెళ్లాక ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండాలని నా పట్టుదల. పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చిన కొత్తవాళ్లకి అక్కడి నిరుద్యోగ భృతి దొరకడానికి సాధారణంగా నాలుగేళ్లు ఆగాలి, కాబట్టి దాన్ని లెక్కలో వేసుకోకండి. మిగిలిన ఎఫ్‌డీ, మ్యూచువల్ ఫండ్లు, ఈలోగా చేసే పొదుపు ఈ నిధికే. ఏడాదిలోగా ఈ డబ్బు అవసరం పడేలా ఉంటే ఈక్విటీ ఫండ్ల నుంచి కొంచెం కొంచెంగా లిక్విడ్ ఫండ్‌లోకి మార్చండి. పీపీఎఫ్ జోలికి పోవద్దు, ఎన్ఆర్ఐ అయ్యాక కూడా గడువు తీరేవరకు కొనసాగించుకోవచ్చు, ఆ తర్వాత పొడిగింపు మాత్రం ఉండదు. ఒకే ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటి విదేశానికి పంపితే దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకోవచ్చు. రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటికి చేతిలో డబ్బు తగ్గుతుంది. వీలైతే పంపేది రెండు ఆర్థిక సంవత్సరాలకి పంచుకోండి.

ప్లాటు గురించి బావగారికి నా మాటగా చెప్పండి: తొందరలో అమ్మితే తక్కువకే పోతుంది. తర్వాతెప్పుడైనా అమ్మితే, ఆస్ట్రేలియాలో పన్ను లెక్కలకి మీరు అక్కడ నివాసి అయిన రోజున ఉన్న మార్కెట్ విలువనే సాధారణంగా మీ కొన్న ధరగా తీసుకుంటారు, కాబట్టి బయల్దేరే ముందు ప్లాటుకి వాల్యుయేషన్ సర్టిఫికెట్ రాయించి దాచుకోండి. మ్యూచువల్ ఫండ్ల స్టేట్‌మెంట్ కూడా ఆ తేదీకి తీసిపెట్టుకోండి.

ఈ వారం చేయాల్సినవి రెండే పనులు. ఇంగ్లిష్ పరీక్ష తేదీ బుక్ చేయండి. పాత కంపెనీల హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి, చేసిన పనుల వివరాలతో రిఫరెన్స్ లెటర్లు అడగండి, అవి రావడానికే ఎక్కువ రోజులు పడుతుంది. ఏసీఎస్ ఫలితం చేతికి వచ్చాక ఆ కాగితంలో ఉన్న తేదీతో మళ్లీ రాయండి. అప్పటికి మీ పాయింట్లు ఎన్నో ఖాయంగా తెలుస్తాయి, సెటిల్‌మెంట్ నిధి లెక్క కూర్చుని వేద్దాం.