నీట్ రాయించాలా, రీసెర్చ్‌కి పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. మా నాన్నగారికి కొన్నేళ్లుగా పార్కిన్సన్స్. తాతయ్యను చూసి, మెదడు జబ్బుల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. నీట్ రాసి న్యూరాలజిస్ట్ అయితే రెండూ చేయొచ్చు కదా అని నేనంటున్నాను. ఏది మంచిది?
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ మాట తప్పు కాదు, కానీ ఏళ్లు లెక్కపెట్టుకోండి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, డీఎం న్యూరాలజీ మరో మూడేళ్లు. మధ్యలో ఎంట్రన్స్‌ల కోసం ఆగే కాలం వేరు. ఆ తర్వాత కిక్కిరిసిన ఓపీ చూసుకుంటూ ల్యాబ్‌కి సమయం మిగుల్చుకోవడం అందరివల్లా కాదు. చేసేవాళ్లు ఉన్నారు, తక్కువమంది.

మీ నాన్నగారి మాత్రల్లో లీవోడోపా ఉండే ఉంటుంది. అది ఎలా వచ్చిందో మీ అమ్మాయికి చెప్పండి. 1950ల చివర్లో స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రెసర్పిన్ ఇచ్చాడు. మన సర్పగంధ వేరులో దొరికేదే అది. కుందేళ్లు కదల్లేక పడిపోయాయి. ఎల్-డోపా (లీవోడోపాకే ఇంకో పేరు) ఎక్కిస్తే మళ్లీ లేచి తిరిగాయి. పార్కిన్సన్స్‌తో చనిపోయినవారి మెదళ్లలో, కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనం (ఎల్-డోపా మెదడులో ఇదిగానే మారుతుంది) బాగా తగ్గిపోయిందని 1960లో వియన్నాలో హోర్నికీవిచ్ చూపించాడు. మరుసటి ఏడాది న్యూరాలజిస్ట్ బిర్క్‌మేయర్‌తో కలిసి రోగులకు ఎల్-డోపా ఇచ్చి చూశారు. కార్ల్‌సన్‌కు నోబెల్ 2000లో వచ్చింది. ఇంతా చేసి ఆ మందు వణుకు, బిగుతు తగ్గిస్తుందే తప్ప జబ్బును ఆపదు. ఆపే మందు ఇప్పటికీ లేదు.

ఇందులో ఒకరు జంతువుల మీద పనిచేశారు, ఒకరు చనిపోయినవారి మెదడు కణజాలం మీద, ఒకరు మనుషులతో. తనకు ఏ పని ఇష్టమో మీ అమ్మాయినే అడగండి. నెలల తరబడి ప్రయోగం తేలకపోయినా విసుక్కోని ఓపిక ఒకటి. మందు లేని జబ్బు గురించి ఒక కుటుంబానికి కూర్చోబెట్టి చెప్పే ఓపిక ఇంకొకటి. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండాలనేం లేదు.

డాక్టర్ పని కూడా మారుతోంది. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన అల్జీమర్స్ మందు లెకానెమాబ్‌నే చూడండి. పద్దెనిమిది నెలల ట్రయల్‌లో క్షీణత సుమారు 27 శాతం నెమ్మదించింది. కానీ మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి మధ్యమధ్యలో ఎమ్మారై తీస్తూ కనిపెట్టుకుని ఉండాలి. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి వద్దు అని తేల్చేది న్యూరాలజిస్టే.

రీసెర్చ్ వైపైతే ఐసర్‌లో (సైన్స్ చదువు, పరిశోధన కోసం కేంద్రం పెట్టిన సంస్థ) ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది, తిరుపతిలోనే ఒక ఐసర్ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉంది. పీహెచ్‌డీకి హైదరాబాద్‌లోని మన జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ సరే సరి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. ‘ఇంకా చదువుతూనే ఉందా?’ అనే చుట్టాల ప్రశ్న మాత్రం రెండు దారుల్లోనూ తప్పదు, ఆ టెన్షన్ మీరు పడండి, తనమీద పెట్టకండి.

నాకు నచ్చనిది ఒకటుంది. నీట్ రాకపోతే అప్పుడు రీసెర్చ్ చూద్దాం అనుకోవడం. రెండేళ్లు లాంగ్‌టర్మ్‌లో నలిగి, ఓడిపోయానన్న బాధతో బీఎస్సీలో చేరిన పిల్లలు సబ్జెక్టును ప్రేమించడం కష్టం. ఈ ఏడాది నీట్‌తోపాటు ఐసర్ పరీక్ష కూడా రాయించండి. అందులో బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీతో సమానంగా మ్యాథ్స్ ప్రశ్నలూ ఉంటాయి, బైపీసీ పిల్లలకు గండం అక్కడే. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి మ్యాథ్స్ పుస్తకం ఈ వారమే కొనిపెట్టండి.