అమ్మాయి స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరవుతానంటోంది: ఏ డబ్బు ముందు తీసుకోవాలి?

ప్రశ్న: మేం చాలా ఏళ్లుగా ఇల్లినాయిస్‌లోని నేపర్‌విల్‌లో ఉంటున్నాం. అందరికీ గ్రీన్‌కార్డు ఉంది. అమ్మాయిది హైస్కూల్ చివరి ఏడాది. మా బాబుకి ఆటిజం. వాడి టీచర్లను చూస్తూ పెరిగిందేమో, తనూ స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరే అవుతానంటోంది. టీచర్ జీతంతో లోన్లు తీరవని మావారికి టెన్షన్. టీచ్ గ్రాంట్ అని ఏటా ఉచితంగా డబ్బిస్తారట, మైనారిటీలకు ఇంకో స్కాలర్‌షిప్ ఉందట. అన్నిటికీ అప్లై చేసేయమంటారా?
- ఒక తల్లి

జవాబు: అప్లై చేయించండమ్మా. కానీ ఇచ్చారు కదా అని అన్నీ తీసుకోనివ్వకండి. టీచర్ చదువులకిచ్చే ఈ డబ్బులో చాలావరకు షరతుతో వచ్చేదే. షరతు తప్పితే అప్పుగా మారుతుంది.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది మీరు చెప్పిన రెండూ కాదు. స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ల కోసమే ఇల్లినాయిస్ ఒక ట్యూషన్ వెయివర్, అంటే కాలేజీ ఫీజు మాఫీ ఇస్తోంది. రాష్ట్ర స్టూడెంట్ అసిస్టెన్స్ కమిషన్ దీన్ని చూస్తుంది. నార్మల్ అనే ఊళ్లోని ఇల్లినాయిస్ స్టేట్, మీకు దగ్గర్లోనే డికాల్బ్‌లో ఉన్న నార్తర్న్ ఇల్లినాయిస్ లాంటి ప్రభుత్వ యూనివర్సిటీల్లో నాలుగేళ్ల దాకా ట్యూషన్ ఫీజు ఉండదు. చదువయ్యాక అయిదేళ్లలో రెండేళ్లు ఇల్లినాయిస్‌లో స్పెషల్ ఎడ్యుకేషన్ చెబితే చాలు. స్కూలు పేద ప్రాంతంలోనే ఉండాలన్న నియమం లేదు. ఏటా 250కి మించి ఇవ్వరు కాబట్టి వస్తుందని ధీమాగా ఉండలేం. అయినా మార్చి 1 లోపు అప్లికేషన్ వెళ్లిపోవాలి. తన క్లాసులో పై సగంలో ఉందో లేదో స్కూల్ కౌన్సెలర్‌ని ఇప్పుడే అడగమనండి, హైస్కూల్ నుంచి వచ్చేవాళ్లకు ఆ అర్హత కావాలి.

ఇక టీచ్ గ్రాంట్, అంటే టీచర్ కాబోయేవాళ్లకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే డబ్బు. చట్టంలో ఏడాదికి 4,000 డాలర్లున్నా, ఫెడరల్ బడ్జెట్ కోత పోగా చేతికొచ్చేది 3,772. నాలుగేళ్లకు 15,088. బదులుగా, చదువయ్యాక ఎనిమిదేళ్లలో నాలుగేళ్లు తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలున్న స్కూల్లో పనిచేయాలి. ఆ స్కూలు ఫెడరల్ జాబితాలో ఉండాలి. స్పెషల్ ఎడ్యుకేషన్ కాబట్టి సబ్జెక్టు విషయంలో ఇబ్బంది లేదు. చిక్కల్లా స్కూలుతోనే. మనవాళ్లు ఇల్లు కొనేదే మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ చూసుకుని, అలాంటిచోట జాబితాలో ఉన్న స్కూళ్లు తక్కువ. పక్కనే ఈస్ట్ అరోరా డిస్ట్రిక్ట్‌లో అయితే పేద కుటుంబాల పిల్లలే ఎక్కువ, అక్కడ పనిచేయడం ఆమెకు ఇష్టమైతే మార్గం ఉన్నట్టే. చేరిన ఏడాది జాబితాలో ఉన్న స్కూలు తర్వాత అందులోంచి పోయినా, అక్కడే కొనసాగితే ఆ ఏళ్లు లెక్కలోకి వస్తాయి.

నాలుగేళ్లకు మూడేళ్లే చేస్తే? మూడు వంతులు మాఫీ అవదు. మొత్తం అప్పుగా మారుతుంది, అదీ ప్రతి విడత చేతికందిన రోజు నుంచి వడ్డీతో. చదువయ్యాక అయిదో ఏట, ఇక గడువులోగా పూర్తిచేయడం కుదరదని తేలిందనుకోండి. 6.5 శాతం వేసుకున్నా వడ్డీయే సుమారు 7,350 అవుతుంది, మొత్తం 22,400 దాటుతుంది. పెళ్లయి వేరే ఊరు వెళ్లడం, మీ బాబు కోసం ఇంట్లో ఉండాల్సి రావడం, ఇవన్నీ మీ ఇంట్లో జరిగే అవకాశమున్నవే కదా. 2015లో ఫెడరల్ ఆడిట్ సంస్థ చూస్తే, గ్రాంట్ తీసుకున్న దాదాపు 1,12,000 మందిలో 36,000 మందికి పైగా అప్పటికే అది అప్పుగా మారిపోయింది. కొందరివి కాగితాల జాప్యం వల్ల మారాయి. 2021 నుంచి నిబంధనలు సడలించారు, కానీ పని చేయకపోతే మాత్రం ఇప్పటికీ మినహాయింపు దొరకడం కష్టం.

అందుకే మొదటి రెండేళ్లు ఆ గ్రాంట్ తీసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఒక్క ఏడాది తీసుకున్నా నాలుగేళ్ల పనే చేయాలి, తక్కువ తీసుకుంటే షరతు తగ్గదు. క్లాస్‌రూముల్లో ప్రాక్టీస్ మొదలై, ఇదే నా పని అని ఆమెకు గట్టిగా అనిపించాక మూడో ఏట సంతకం పెట్టొచ్చు. ఈలోగా వెయివర్ రాకపోతే ఆమె పేరున ఫెడరల్ ప్రభుత్వమే ఇచ్చే డైరెక్ట్ లోన్ తీసుకోండి. మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500 దాకా ఇస్తారు. వరుసగా అయిదేళ్లు జాబితాలోని స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ చెబితే 17,500 దాకా మాఫీ అవుతుంది. మధ్యలో మానేస్తే మాఫీ పోతుందంతే, కొత్త అప్పేమీ నెత్తిన పడదు. మీ పేరున తీసుకునే పేరెంట్ ప్లస్ లోన్‌కి మాత్రం ఈ మాఫీ లేదు, దాని జోలికి వెళ్లకండి.

మీరు విన్న ఇంకో స్కాలర్‌షిప్ పేరు మైనారిటీ టీచర్స్ ఆఫ్ ఇల్లినాయిస్. దాని చట్టంలో ఆసియా అమెరికన్లూ ఉన్నారు. ఏడాదికి 7,500 డాలర్ల దాకా ఇస్తుంది, తీసుకున్న ఒక్కో ఏడాదికీ ఒక్కో ఏడాది, మైనారిటీ పిల్లలు 30 శాతానికి తగ్గని స్కూల్లో పనిచేయాలి. షరతు తేలికే. కానీ జాతి ప్రాతిపదికన ఇవ్వడం చెల్లదంటూ 2024లో దీనిమీద ఫెడరల్ కోర్టులో దావా పడింది. అప్లై చేసేముందు కమిషన్‌కి ఫోన్ చేసి ఈ ఏడాది ఇస్తున్నారో లేదో కనుక్కోండి. ఫీజుల లెక్కలో మాత్రం దీన్ని కలపకండి.

మీవారితో ఏం చెప్పాలంటారా? టీచ్ గ్రాంట్‌కీ, ఫెడరల్ లోన్‌కీ మొదటి మెట్టు ఫాఫ్సా, అంటే ఫెడరల్ విద్యార్థి సాయానికి పెట్టుకునే దరఖాస్తు ఫారం. ఈ వారాంతం ఆయన్ని అమ్మాయి పక్కన కూర్చోబెట్టి దాన్ని నింపించండి. అందులో ట్యాక్స్ వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఎలాగూ కావాలి.