సముద్రంలో కరిగిన కార్బన్‌లో మనది ఎంతో ఎలా తెలుస్తుంది?

మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు పావు వంతు సముద్రంలోకి పోతుందంటారు కదా, అన్ని నీళ్లలో కలిసిపోయాక ఏది మనదో, ఏది ముందునుంచీ ఉన్నదో ఎలా చెబుతారని అడిగారు. పరిశోధక నౌకల మీద నీటి నమూనాలు పట్టిన అనుభవంతో చెబుతున్నాను. కార్బన్ ఒక్కటే కొలిస్తే తెలియదు, పక్కనే ఆక్సిజన్ కూడా కొలవాలి.

కిలో సముద్రపు నీటిలో కరిగిన కార్బన్ 2000 మైక్రోమోల్స్‌కు (అణువులను లెక్కించే కొలమానం మోల్, అందులో పదిలక్షో వంతు మైక్రోమోల్) అటూ ఇటూగా ఉంటుంది. అందులో చాలావరకు బైకార్బనేటే. మనం వదిలే పొగ వల్ల పైపొర నీటిలో ఏడాదికి పెరిగేది సుమారు 1 మైక్రోమోల్. ఎంత జాగ్రత్తగా కొలిచినా ఒకటి రెండు మైక్రోమోల్స్ తేడా వస్తుంది. కాబట్టి ఈ ఏడాదీ వచ్చే ఏడాదీ కొలిచి పోలిస్తే ఏమీ కనబడదు. హవాయి దగ్గర అలోహా స్టేషన్‌లో, బెర్ముడా దగ్గర 1988 నుంచి అదే పనిగా కొలుస్తూ వచ్చారు కాబట్టే ఆ పెరుగుదల ఇవాళ కళ్లకు కడుతోంది.

లోతుకు పోతే చిక్కు ఇంకోటి. పైన ఎండలో పెరిగిన ప్లాంక్టన్ (నీటిలో తేలాడే సూక్ష్మజీవులు) చచ్చి కిందికి రాలుతుంది. బాక్టీరియా దాన్ని తినేటప్పుడు నీటిలో ఆక్సిజన్ తగ్గి, కార్బన్ పెరుగుతుంది. ఇది మనిషి పుట్టకముందు నుంచీ ఉన్నదే. 10 ఆక్సిజన్ అణువులు ఖర్చయితే సుమారు 7 కార్బన్ పరమాణువులు చేరతాయి. అందుకే ఆక్సిజన్ ఎంత తగ్గిందో చూసి ఆ మేరకు కార్బన్‌ను తీసేస్తాం. పెంకుల సున్నం కరిగి చేరిన వాటాను క్షారతను (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తిని) బట్టి తీసేస్తాం. పరిశ్రమలు రాకముందు గాలి నుంచి ఆ నీటిలో ఎంత కరిగి ఉండేదో అదీ తీసేస్తే, మిగిలింది మనది.

రోజెట్ (వేర్వేరు లోతుల్లో నీరు పట్టే సీసాల చట్రం) డెక్ మీదికి రాగానే మేము ముందు ఆక్సిజన్ సీసాలే పట్టేవాళ్లం, గాలి తగిలితే కొలత చెడుతుంది మరి. గొట్టం సీసా అడుగుకు ఆనించి, నీరు పొర్లిపోనిచ్చి, బుడగ లేదని చూసుకుని, అక్కడే మాంగనీస్ క్లోరైడ్, క్షార అయొడైడ్ వేసి మూత పెట్టేస్తాం. 1888లో లాయోష్ వింక్లర్ ప్రకటించిన పద్ధతి ఇది. సెన్సర్లు వచ్చినా వాటిని సరిచూసేది ఇప్పటికీ దీంతోనే. ఆక్సిజన్ ఉంటే సీసాలో గోధుమరంగు మడ్డి పడుతుంది. కార్బన్ సీసాలో మాత్రం, బాక్టీరియా తన పని సాగించకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ చుక్క వేస్తాం.

అరేబియా సముద్రంలో 300 మీటర్ల లోతు నీటిలో ఆ మడ్డి తెల్లగా పడింది. మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. ఆ నీటిలో ఆక్సిజన్ దాదాపు లేదు. ఉత్తరాన నేల అడ్డం, కొత్త నీరు చేరడం తక్కువ, పైనుంచి రాలే తిండి ఎక్కువ.

అక్కడే ఒక సీసాలో చిన్న బుడగ ఉండిపోవడం నేను గమనించలేదు. పై లోతు, కింది లోతు కొలతలు సున్నాకు దగ్గరగా ఉంటే, మధ్యది 7 మైక్రోమోల్స్ చూపించింది. కారణం రాసి ఆ కొలతను పక్కన పెట్టేశాను. ఉంచేసి ఉంటే కార్బన్ లెక్క 5 మైక్రోమోల్స్ తప్పేది. అంటే పైపొరలో ఐదేళ్లకు పెరిగేటంత!

మీకు స్వయంగా చూడాలనుంటే గ్లోడాప్ (ప్రపంచ సముద్రాల నీటి కొలతలను ఒకచోట చేర్చిన సంకలనం) డేటా ఉచితంగా దొరుకుతుంది. ఏదో ఒక స్టేషన్ తీసుకుని ఆక్సిజన్‌కు ఎదురుగా కార్బన్ గ్రాఫు గీయండి. నాణ్యత గుర్తు 2 అని, అంటే బాగున్నట్టు, ఉన్న కొలతలే వాడండి.