సూచన రాలేదు, ఈ సంబంధం ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది గాజువాక. నర్సుగా చేస్తున్నాను, వయసు 27. మా సంఘ పెద్దల ద్వారా ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు ఉద్యోగి. "ఇది నీ చిత్తమైతే ఆదివారంలోగా అతనే ఫోన్ చేయాలి ప్రభువా" అని ప్రార్థించాను. ఫోన్ సోమవారం వచ్చింది. కళ్లు మూసుకుని బైబిల్ తెరిస్తే ఒకసారి దీవెన, ఇంకోసారి శాపం. కొత్త సంవత్సరం ఆరాధనలో ఏడాదికో బైబిల్ వచనమని ఇచ్చే వాగ్దాన కార్డు నాకు వచ్చినదాంట్లో పెళ్లి ఊసే లేదు. పెళ్లిచూపుల్లో నా ఉద్యోగం సంగతి అతన్ని అడిగితే, వాళ్లమ్మగారే "చూద్దాంలే అమ్మా" అన్నారు. అమ్మ ఉపవాసం ఉంటోంది. నాన్న "ఇంకెన్నాళ్లు?" అంటున్నారు. నాకు విశ్వాసం తక్కువా?

జవాబు: ఆదివారం అతనికి డ్యూటీ పడి ఉండొచ్చు. ప్లాంటు షిఫ్టుల గురించి గాజువాక అమ్మాయికి నేను చెప్పాలా?

సూచన అడిగినంత మాత్రాన విశ్వాసం తక్కువని కాదు. ప్రభువు తిరిగి లేచాడంటే చూస్తేగానీ నమ్మనన్న శిష్యుడు తోమాను ప్రభువు వెళ్లగొట్టలేదు, మేకుల గుర్తులున్న చేతులు చూపించాడు. చూడక నమ్మినవారు ధన్యులని ఆ తర్వాతే అన్నాడు. ఇశ్రాయేలీయులను శత్రువుల నుంచి విడిపించమని దేవుడు పంపిన గిద్యోను, సూచన కోసం కళ్లంలో గొర్రెబొచ్చు పరిచి, మంచు ఒక రాత్రి దాని మీదే పడాలనీ, మరుసటి రాత్రి నేల మీదే పడాలనీ అడిగాడు. అయితే ఏం చేయాలో దేవుడు అతనికి అప్పటికే చెప్పేశాడు. అతనికి కావలసింది ధైర్యం. మీకు ఇంకా దారే తేలలేదు.

మీ విషయానికి దగ్గరగా ఉన్నది ఆదికాండము 24వ అధ్యాయం. అబ్రాహాము కొడుకు ఇస్సాకుకు పిల్లను వెతకడానికి వెళ్లిన అబ్రాహాము సేవకుడు బావి దగ్గర ఒక గుర్తు పెట్టుకున్నాడు. తాను నీళ్లడిగితే "నీ ఒంటెలకూ తోడిపోస్తాను" అనే అమ్మాయే కావాలని. ఎంత తెలివైనవాడో చూడండి! వెంట ఉన్నవి 10 ఒంటెలు. బాగా దాహంతో ఉన్న ఒంటె ఒక్కటే 100 లీటర్ల దాకా తాగగలదు. ముక్కూ మొహం తెలియని బాటసారి కోసం అన్ని కడవలు తోడే పిల్ల ఎలాంటిదో ఆ గుర్తులోనే తెలిసిపోతుంది. మీరు పెట్టుకున్న గుర్తులో అతని గుణం ఏం తెలుస్తుంది? మహా అయితే ఫోన్‌లో ఛార్జింగ్ ఉందని తెలుస్తుంది.

ఇంకో సంగతి. సూచన నెరవేరాక, నగలు కూడా ఇచ్చాక, ఇంట్లోవాళ్లు ఆ బావి దగ్గరి అమ్మాయి రిబ్కాను పిలిచి ఆ మనిషితో వెళతావా అని అడిగారు. వెళతానని ఆమె తన నోటితో చెప్పింది. మీ ఉత్తరం రెండోసారి చదివినా, అబ్బాయి మీకు నచ్చాడో లేదో ఎక్కడా కనబడలేదు.

కనబడిందల్లా ఆ "చూద్దాంలే". మీరు అడిగింది అతన్ని, బదులు చెప్పింది వాళ్లమ్మ. అది మీకు గుచ్చుకుంది కాబట్టే రాశారు. ఇంట్లో చెప్పి, అన్నయ్యనో వదిననో తోడు తీసుకెళ్లి, బీచ్ రోడ్డులో అతనితో ఓ గంట మాట్లాడండి. నైట్ డ్యూటీలుంటాయి, మీకు ఇబ్బందా? నా జీతంలో కొంత మా ఇంట్లో ఇస్తాను, సరేనా? ఉద్యోగం మానేయమని మీ అమ్మగారంటే మీరేమంటారు? మూడోదానికి అతను ఏం చెబుతాడో, చెప్పడానికి ఎంత నీళ్లు నములుతాడో జాగ్రత్తగా గమనించండి.

బైబిల్ గుడ్డిగా తెరవడం మాత్రం ఆపేయండి. ఆ శాపం పేజీ మీ సంబంధం కోసం రాసింది కాదు. జ్ఞానం కొదువగా ఉంటే దేవుణ్ణి అడగమనీ, ఆయన ధారాళంగా ఇస్తాడనీ యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో ఉంది. అతన్ని కలవబోయే ముందు ఆ ప్రార్థన చేసుకోండి. నాన్నగారితో "రెండు వారాలు టైమివ్వండి, మాట్లాడి చెబుతాను" అనండి. గడువు చెబితే పెద్దవాళ్లు కాస్త ఆగుతారు. అమ్మగారికి షుగర్‌లాంటిదేమైనా ఉంటే ఉపవాసం పొడిగించనివ్వకండి, ఆ సంగతి నర్సుగా మీకే బాగా తెలుసు.